ఆదివారం ఆరేసిన దుప్పట్లు

"ఓడ నాలుగున్నరకు కదులుతుంది, లెవీ. సంగతి తెలిసింది ముగ్గురికే. నాకూ, నీకూ, కోరలీకీ."

కెప్టెన్ నోస్‌వర్దీ ఫోన్ పెట్టేశాడు. సీక్రెట్ ఏజెంట్ లెవీ చాఫీ కూడా రిసీవర్ పెట్టేశాడు. పోయిన అక్టోబరులో ఇదే రేవు నుంచి వెళ్లిన ఫెర్రీని జర్మన్ సబ్‌మెరైన్ టార్పెడోతో ముంచేసింది. అతని భార్య ట్రైఫీనా అందులోనే ఉంది. అప్పటి నుంచి అతను కెటిల్‌లో ఒక్క కప్పు నీళ్లే పోస్తున్నాడు.

ఇవాళ్టి ఫెర్రీలో రెండు వందల మంది. జర్మన్లకు ఇక్కణ్ణుంచి కబురు అందుతోంది, కానీ ఎలా? న్యూఫౌండ్‌లాండ్ తీరమంతా దీపాలు ఆర్పేశారు. వైర్‌లెస్ వాడితే పది నిమిషాల్లో దొరికిపోతారు.

వాకిట్లో పక్కింటి డార్కస్ అత్త గొంతు చించుకుంటోంది.

"చోద్యం కాకపోతే, దేవుడి రోజు ఆదివారం పూట ఉతుకుడేంటి! కొండమీద ఆ కోరలీ మూడు తెల్ల దుప్పట్లు ఆరేసింది. ఉతికే రోజు సోమవారం గాక ఈ దేశంలో ఏ ఆడదైనా బట్టల తాడు ముట్టుకుంటుందా? ఆ ఓడ మునిగిన ఆదివారమూ ఇదే భాగోతం!"

లెవీ కిటికీలోంచి కొండమీదికి చూశాడు. కోరలీ అందగత్తె. జర్మన్ల దగ్గర పనిచేస్తున్నట్టు నటిస్తూ వాళ్ల గుట్టు మనకు చేరవేసే డబుల్ ఏజెంట్. ఈ తీరంలోనే ఉన్న ఫోగో ద్వీపంలో పుట్టానంటుంది. ఫోగోలో పుట్టినది ఆదివారం బట్టలు ఆరేస్తుందా?

ఒక్క ఉదుటున కొండెక్కి కోరలీ ఇంట్లోకి వెళ్లాడు. నాలుగింటికి ఇంకా ఐదు నిమిషాలున్నాయి.

"కెటిల్ కాగిందా?" కోడ్‌వర్డ్ అడిగాడు.

"నీకోసమే కాగింది. కూర్చో." ఆమె చేతిలోని లిప్‌స్టిక్ అతని గుండెకు గురిపెట్టి ఉంది. అది ఒక్క గుండు పట్టే పిస్తోలు. "ఎప్పుడు కనిపెట్టావ్?"

"ఇప్పుడే. బుద్ధి ఆలస్యంగా వచ్చింది."

"నాలుగింటికి పెరిస్కోప్ ఇటు చూస్తుంది. దుప్పట్లుంటే ఓడ ఇవాళే. లేకపోతే వాళ్లు వెళ్లిపోతారు. కదలకు లెవీ. నీతో టీ తాగడం నాకు నిజంగానే ఇష్టం."

అది నిజమేనని అతనికి తెలుసు. ఏడు నెలల్లో అతనికి రెండో కప్పు పెట్టింది ఆమె ఒక్కతే. అందుకే ఎక్కువ బాధేసింది.

కిటికీలోంచి తాడు ఊగడం కనిపించింది. చర్చి టోపీతోనే వచ్చిన డార్కస్ అత్త కొయ్య క్లిప్పులు ఎగిరిపడేలా దుప్పట్లు లాగేస్తోంది. గడియారంలో ఒక్క నిమిషం మిగిలింది. మరుక్షణం తలుపు ధడేలుమంది.

"సిగ్గు లేదటే నీకు!"

తడి మూట కోరలీ ముఖాన పడింది. గుండు కెటిల్‌కు తగిలింది. లెవీ ఆమె మణికట్టు పట్టేశాడు.

నాలుగైంది. తాడు బోసిగా ఊగుతోంది.

పోలీసులు తీసుకెళ్తుంటే కోరలీ వెనక్కి చూడలేదు. ఫెర్రీ కూత వేసి కదిలింది. దాని పొగ కనుమరుగయ్యేదాకా లెవీ అక్కడే నిలబడ్డాడు. ఏ పేలుడూ వినిపించలేదు.

సాక్ష్యంగా దుప్పట్లు ఆఫీసుకు పంపాలి.

"అత్తా, ఓ కొస పట్టుకుంటావా?"

"ఆదివారం నేను పని చెయ్యను నాయనా."

"మరి ఇందాక దించావుగా?"

"అది పని కాదు, భక్తి!" అంటూ అత్త కొండ దిగిపోయింది.

లెవీ దుప్పటి కొసలు గడ్డం కింద నొక్కిపట్టి మడత మొదలుపెట్టాడు. దానికి ఇద్దరు కావాలని ట్రైఫీనా పోయాక వచ్చిన మొదటి సోమవారమే అతనికి తెలిసొచ్చింది.