బాలనర్సమ్మ కోల్డ్ కాఫీ

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో దిగి కోచింగ్ సెంటర్ల గల్లీలకు మళ్లితే, మా మ్యాచింగ్ సెంటర్ పక్కన ఒక కాఫీ షాప్ ఉంటది సూడుండ్రి... దాని పై అంతస్తు మంచిది కాదు. నేను అనుడు కాదు, గల్లీ గల్లీ అంటది. అండ్ల మొదలు సెల్‌ఫోన్ల దుకాణం పెట్టిండ్రు, ఎత్తేసిండ్రు. పెండ్లి చీరల షోరూం పెట్టిండ్రు, అదీ పాయె. బిర్యానీ పెట్టినోడైతే గిన్నెలు గూడ ఇడిసిపెట్టి పోయిండు. హైదరాబాద్‌ల బిర్యానీ నడువని జాగ అంటే అండ్ల ఏదో ఉన్నట్టే గదా!

వాచ్‌మన్ ఏమంటడంటే — పైన ఎవరో ఉంటరట. పిలిస్తే పలుకరట. పిలుసుడు ఆపినంక... మెల్లగ అడుగుల సప్పుడు ఒస్తదట.

నేను ఇసొంటియి నమ్మ. నమ్మ గానీ, దీపాలు పెట్టినంక ఆ మెట్ల దిక్కు సూడ. ఎందుకొచ్చిన పరేషాన్?

గీ ముచ్చట నాకు సుచిత్ర చెప్పింది. ఆ షాప్‌ల కాఫీ చేసే పిల్ల. వాళ్లది పోచంపల్లి దిక్కు, ఇప్పుడు సరూర్‌నగర్‌ల ఉంటరు. నాయిన బ్రహ్మం చీరల యాపారం చేస్తడు. పిల్ల బీకాం అయిపోయింది, బ్యాంకు పరీక్ష రాసింది, ఫలితాలు ఒచ్చే దాక ఊకె కూసోబుద్ధి కాక ఈ పనిల చేరింది. ఇంట్ల మాత్రం "సాయంత్రం కోచింగ్" అని చెప్పింది.

ఎందుకంటే బ్రహ్మం సంగతి మీకు తెల్వదు. బిడ్డంటే పానం ఇస్తడు. గానీ "మన ఇంటి ఆడపిల్ల ఒకరి ఎంగిలి కప్పులు ఎత్తుడేంది" అనే రకం. తెలిసిందా, ఆ నాడే పని బంద్. పిల్లకేమో ఆ పని మస్తు ఇష్టమైపోయింది. పాల నురుగు మీద ఆకు బొమ్మ పోసుడు ఒచ్చిననాడు ఉరికొచ్చి నా దుకాణంల ఎగిరింది — "వేదవతక్కా, ఎవ్వరూ చెయ్యి పట్టి నేర్పలే, నేనే పోసిన!" అని. ఆ మొఖం సూస్తే నాకే ముద్దొచ్చింది.

ఆ షాప్ పద్ధతి చెప్త, లేకుంటే కథ సమజ్ కాదు. పైన కూసున్నోల్లు టేబుల్‌కు అతికించిన కోడ్‌ను ఫోన్‌తోని స్కాన్ చేసి, పేరు కొట్టి, ఏం కావాల్నో కొడ్తరు. సుచిత్ర కింద తయారుజేసి, మెట్ల మలుపుల ఉన్న బల్ల మీద పెట్టి, పేరు రెండు సార్లు పిలుస్తది. అంతే. మూడోసారి పిలుసుకుంట నిలబడొద్దని ఓనర్ రూలు. క్లాసులు ఇడిసే టైంకు రద్దీ అట్ల ఉంటది మరి.

ఒకనాడు పొద్దుగూకినంక ఆర్డర్ ఒచ్చింది. ఐస్‌క్రీం ఏసిన కోల్డ్ కాఫీ. పేరు — బాలనర్సమ్మ.

రియా, శ్రేయ, ఆర్యన్ అసొంటి పేర్ల నడుమ బాలనర్సమ్మ! కౌంటర్ల కూసునే శ్రీకర్‌కు నవ్వాగలే. వాళ్లది గుంటూరు దిక్కు.

"ఎవడో కుర్రాడు ఆటపట్టిస్తున్నాడులే సుచిత్రా," అన్నడు.

సుచిత్ర నవ్వలే. బాలనర్సమ్మ అంటే ఆమె తాతకు తల్లి. ముత్తవ్వ. సచ్చి ఎన్నేండ్లాయెనో! ఇంట్ల దేవుని అర్ర పక్కన ఫోటోకు దండేసి ఉంటది... కండ్లు ఇంతింత పెద్దగ, అబద్ధం ఆడినోల్లను గుర్తువట్టేటట్టు.

కప్పు మలుపుల పెట్టింది. "బాలనర్సమ్మ గారూ!" అన్నది. సప్పుడు లేదు. మల్ల పిలిచింది. లేదు... కిందికి దిగి, ఇంకో రెండు కాఫీలు చేసి, తలెత్తి సూస్తే — కప్పు మాయం!

పైకి పోయి సూసింది. మూల టేబుల్ మీద ఖాళీ కప్పు. నాకినట్టు సాఫ్. ఎనక మెట్ల తలుపు ఓరగ తెరిచి... ఊగుతున్నది. మనిషి లేదు.

మర్నాడు గూడ అంతే. ఆ మర్నాడు గూడ.

"అక్కా, ముత్తవ్వ నాకోసమే ఒస్తున్నది," అన్నది నాతోని. "నాయినకు అబద్ధం చెప్పిన గదా... అందుకే."

"మరి కాఫీ ఎందుకు తాగుతదే?" అన్న.

"నాకేం తెలుసక్కా!" అని ఏడ్పు మొఖం పెట్టింది.

నిజం చెప్తే పని పోతది. చెప్పకుంటే ముత్తవ్వ పోదు. ఈ రెండిట్ల నడుమ నలిగి పిల్ల సగమయింది.

మొన్న ఆ దిక్కుమాలిన వాన పడ్డది సూడుండ్రి, రోడ్లన్నీ చెర్వులైనయ్... ఆ నాడు. ఆర్డర్ ఒచ్చింది. అదే పేరు. సుచిత్ర మిక్సీల గిర్రున తిప్పి, కప్పుల పోసి, పైన ఐస్‌క్రీం ఏసిందో లేదో — కరెంటు పాయె.

పైనున్న పిల్లగాండ్లు ఫోన్ లైట్లు ఏసుకొని బిలబిలమని దిగి పోయిండ్రు. ఇగ పైన ఎవ్వరూ లేరు. ఉండొద్దు...

టక్. కుర్చీ జరిగిన సప్పుడు.

"శ్రీకర్... జర నువ్వు పోరాదు," అన్నది గుసగుసగ.

"నేనా? బాబోయ్! మా అమ్మకి నేనొక్కడినే," అని ఫ్రిజ్ ఎనక్కి జరిగిండు.

పిల్లకు ఎక్కడలేని కోపమొచ్చింది. ఎన్ని దినాలని భయపడ్తం? ముత్తవ్వైతే ముత్తవ్వ, కాళ్ల మీద పడి అడుగుత, ఫలితాలు ఒచ్చే దాక ఆగమంట అనుకున్నది. ఒక చేతిల కప్పు, ఒక చేతిల ఫోన్ లైటు. మెట్లెక్కింది.

"బాలనర్సమ్మా..."

వాన సప్పుడు తప్ప ఏం లేదు.

"బాలనర్సమ్మా..."

మూలకు ఏదో కదిలింది. తెల్లగ. రూలు ప్రకారం ఇగ దిగిపోవాలె. కాళ్లు గూడ అదే అంటున్నయ్. దిగలే. కండ్లు గట్టిగ మూసుకొని అరిచింది — "బాలనర్సమ్మా! నీకు దండం పెడ్త, పలుకు!"

"ఆఁ... ఇగో, ఒస్తున్న," అన్నది చీకటి.

సుచిత్ర కెవ్వుమన్నది. అవతల ఉన్నది అంతకంటె గట్టిగ కెవ్వుమన్నది. "అమ్మో, దయ్యం! మా పిల్ల లెక్కనే ఉన్నదే!"

ఫోన్ లైటు ఆ మొఖం మీద పడ్డది. నాయినమ్మ! బ్రహ్మం తల్లి లింగమ్మ! ఏసీకి చలి అని నెత్తికి తెల్ల తువ్వాల చుట్టుకొని కూసున్నది.

"నాయినమ్మా, నేనే! సుచిత్రను!"

లింగమ్మ మనుమరాలి చెయ్యి గిచ్చి సూసింది. పిల్ల "అబ్బా" అన్నంక గానీ నమ్మలే.

"భజనకు పోతున్ననంటివి?" అన్నది మనుమరాలు.

"కోచింగ్ అంటివి?" అన్నది ముసల్ది.

ఇగ ఒక్కొక్కటి బయటికొచ్చింది. లింగమ్మకు షుగర్. ఇంట్ల చక్కెర లేని చాయ పోస్తరు. అది తాగీ తాగీ పానం ఇసిగి, దినాం ఆటో నడిపే తిరుపతి బండిల ఒచ్చి, ఎనక మెట్లకెల్లి ఎక్కి, పక్క టేబుల్ పిల్లలతోని ఫోన్ల కొట్టిపిచ్చుకుంటున్నది.

"ముత్తవ్వ పేరెందుకు చెప్పినవ్?"

"దొరికితే ఆమె మీదికి పోతదని. మా అత్త బతికున్నప్పుడు నన్ను తక్కువ సతాయించిందా?"

"మరి పిలిస్తే పలుకవేంది?"

"దీపాలు పెట్టినంక ఎవరు పిలిచినా మూడోసారి దాక పలుకొద్దే. గాలి దయ్యం రెండు సార్లే పిలుస్తది. అదీ మనోల్ల గొంతుతోని! దినాం నీ గొంతే రెండు సార్లు పిలిచి ఊకుంటుండె. గాలే అనుకున్న. అది పోయినంక మెల్లగ కప్పు తెచ్చుకుంటుంటి."

"గాలి అని తెల్సి గూడ దినాం ఒచ్చినవా?"

"ఏం చెయ్యాలె మరి," అన్నది లింగమ్మ, కప్పు గుంజుకొని ఒక గుటకేసి. "కాఫీ మంచిగ చేస్తుండె."

పిల్లకు నవ్వాలో ఏడ్వాలో తెల్వలే. నేను మీ నాయినకు చెప్ప, నువ్వు చెప్పకు అని ముసల్ది చేతిల చెయ్యేసింది.

అప్పుడే... మెట్ల మీద అడుగులు. బరువుగ. తడి చెప్పులు చపచపమనుకుంట... పైకి... ఇంకా పైకి...

"అమ్మా!"

బ్రహ్మం! నిలువునా తడిసిండు. వాన పడ్తున్నదని తల్లిని తెద్దామని గుడికి పోతే తాళం ఏసి ఉన్నదట. గుండె ఆగినంత పనైందట. తిరుపతి కనబడి, ఈడ దించిన అని చెప్తే ఉరికొచ్చిండు.

టార్చి తల్లి మీద పడ్డది. మూతికి ఐస్‌క్రీం. పక్కకు జరిగి బిడ్డ మీద ఆగింది. నెత్తికి షాప్ టోపీ, నడుముకు ఏప్రాన్.

"ఏందిది?" అన్నడు, మెల్లగ. అరిస్తే బాగుండు అనిపించిందట సుచిత్రకు.

"నేను ఈడ పనిచేస్తున్న నాయినా. అబద్ధం చెప్పిన, తప్పే. గానీ నాకు ఈ పనంటే ఇష్టం."

బ్రహ్మం నోరు తెరవబోయిండు. లింగమ్మ కప్పు తెచ్చి చేతిల పెట్టింది. "నీ బిడ్డ చేసింది. ముందుగాల తాగు. తాగినంక ఎంతనన్న తిట్టు."

ఉరికి ఉరికి ఒచ్చిండు గదా, నోరు పిడచగట్టుకపోయింది. ఒక గుటక తాగిండు. ఆగిండు. బిడ్డ దిక్కు సూసిండు. ఇంకో గుటక... ఇగ కప్పు దించలే. ఐస్ ముక్కలు అడుగుకు తాకి గలగలమనే దాక తాగి, మూతి తుడుసుకున్నడు.

"నువ్వు ఇది తాగుడు ఇయ్యాల్టితోని బంద్," అన్నడు తల్లితోని. లింగమ్మ ఇననట్టు కిటికీల నుంచి వాన సూసింది.

బిడ్డ దిక్కు తిరిగిండు. "ఎన్నింటికి మూస్తరు గీ దుకాణం?"

"తొమ్మిదికి, నాయినా..."

"చీకటి పడ్డంక ఒక్కదానివి ఆటోలల్ల రాకు. రేపటి సంది నేనే ఒచ్చి తీస్కపోత."

రేపటి సంది అన్నడు. అంటే రేపు గూడ పనికి రావచ్చన్నట్టే గదా! అది సమజ్ కావడానికి పిల్లకు జరంత సేపు పట్టింది. సమజైనంక నాయిన తడి అంగీ పట్టుకొని బోరున ఏడ్చింది.