నాటకం టోపీ

శుక్రవారం పొద్దున్న కువైట్‌లోని రిగ్గై ఫ్లాట్‌లో ఇడ్లీలు ఉడుకుతున్నాయి. విజిట్ వీసా మీద ముందురోజే కొడుకు రాజా దగ్గరికి వచ్చిన అయ్యప్ప, కోనసీమ నుంచి తెచ్చుకున్న వెంకటేశ్వరస్వామి పటాన్ని పెట్టెలోంచి తీశాడు. అది వాళ్లమ్మ బతికినంతకాలం పూజ చేసుకున్న పటం. ప్రయాణంలో అద్దం పగిలింది. కోడలు పద్మశ్రీ గాజుముక్కలు ఏరుతూ వెనక అట్ట ఊడదీసింది. లోపల ఇంకో ఫొటో ఉంది. యూనిఫాంలో ఒక కుర్రాడు, తలమీద నిటారుగా గొట్టంలాంటి వింత టోపీ.

అయ్యప్ప ఒక్కసారి చూసి మొహం తిప్పుకున్నాడు.

"చెత్తలో పడెయ్యమ్మా దాన్ని."

"ఎవరండీ మావయ్యగారూ?"

"మా నాన్న. నేను కడుపులో ఉండగా ఇల్లొదిలి పోయాడు. రంగూన్‌లో ఎవత్తెతోనో కాపురం పెట్టాడన్నారు. మిలట్రీ అని నమ్మించడానికి నాటకాలోళ్ల టోపీ పెట్టుకుని ఫొటో పంపాడని ఊరంతా నవ్వింది. పొయ్యిలో పడేశానంది మా అమ్మ."

ఎనభై దాటిన మనిషి. తండ్రికి ఏనాడూ తద్దినం పెట్టలేదు. గొంతులో కోపం కూడా లేదు, పక్కింటివాళ్ల సంగతి చెప్పినట్టు చెప్పాడు.

పద్మశ్రీ పడెయ్యలేదు. క్లినిక్ రిసెప్షన్‌లో అరబ్బీ పేర్లు చదివి చదివి అలవాటైన ఆమె కళ్లు ఫొటో అట్ట మూలనున్న అరబ్బీ ముద్ర దగ్గర ఆగాయి.

"ఇది స్టూడియో పేరండీ. అల్ బస్రా అనుంది."

"మొదలెట్టావా?" రాజా కసిరాడు. "ఆయన వచ్చి రోజు కాలేదు. పాత పుండు కెలక్కపోతే నీకు తోచదా?"

"మానితే కదండీ, కెలికాననడానికి! ఆయన్ని చూడండి. ఫొటోకేసి కూడా చూడలేకపోతున్నారు."

ఆమె ఫోన్‌లో ఆ టోపీ గురించి వెతికి రాజాకి అందించింది. రెండో ప్రపంచయుద్ధం నాటి సైనికుల వరస. అందరి తలలమీదా అదే టోపీ. రాజా ఫొటోలో భుజం మీది ఇత్తడి అక్షరాలు పోల్చి చూసుకుని, తండ్రి పక్కన కూర్చున్నాడు.

"నాన్నా, ఇది వేషం కాదు. తాతయ్య మద్రాస్ సాపర్. వంతెనలూ రోడ్లూ వేసే సైనికుడు. యుద్ధంలో ఇరాక్ వచ్చాడు."

"రంగూన్ కాదా?"

"బస్రా. ఇక్కడ సరిహద్దు దాటితే అదే."

"తర్వాతేమయ్యాడు?"

"తెలీదు. ఆర్మీ వాళ్లకి రాసి కనుక్కుందాం."

అయ్యప్ప ఇడ్లీ తుంచి నోట్లో పెట్టుకున్నాడు. చాలాసేపు నమిలాడు. తర్వాత స్వామి పటాన్నీ ఫొటోనీ పక్కపక్కన పెట్టి చూశాడు.

"అయితే అమ్మ రోజూ ఈయనక్కూడా దణ్ణం పెట్టిందన్నమాట. ఊరికి భయపడి నాక్కూడా చెప్పలేదు." ఫొటో మీది దుమ్ము వేలితో తుడిచాడు. "ఏడుపు రావట్లేదురా. ఏమీ అనిపించట్లేదు."

పద్మశ్రీ ఆయన వీపుమీద చెయ్యి వేసింది.

"బస్రా ఎటేపురా?"

రాజా ఉత్తరపు కిటికీ చూపించాడు. ముసలాయన కుర్చీ అటు తిప్పుకుని కూర్చున్నాడు. ఎదురుగా పక్క బిల్డింగు గోడ తప్ప ఏమీ లేదు.

"నాన్నా" అన్నాడు మెల్లగా, ఆ గోడకేసి చూస్తూ.

చిన్నప్పట్నుంచీ రాజాని ఆయన ముద్దుగా పిలిచే పిలుపే అది. "ఏంటి నాన్నా?" అనబోయి రాజా ఆగిపోయాడు. ఆ పిలుపు తనని కాదు.