గుమ్మటం కింద మూడు పిలుపులు

పొద్దు గూకాక ఆ పాత కోర్టు వైపు ఎవరూ తొంగి కూడా చూడరట.

పాకలో పెట్టిన మొదటి కోర్టు కాగితాలతో సహా తగలబడింది. పొదుపుగా కట్టిన రెండోదాని గోడ, దాన్ని కట్టిన కాంట్రాక్టరు మీద విచారణ జరుగుతుండగానే కూలింది. దాంతో పెద్దలకు బుద్ధొచ్చి, మూడోదాన్ని రాతితో, రెండంతస్తుల ఎత్తున, పైన గుమ్మటంతో కట్టించారు. కట్టినవాణ్ని అందరూ పెద్దమేస్త్రి అనేవారు.

పగలు కేసులు నడిచే ఆ కోర్టులోంచే చీకటి పడగానే పిలుపు వినిపిస్తుందట... "పెద్దమేస్త్రీ... హాజరా...?" అని మూడుసార్లు. విన్నవాడు ఏడాది తిరక్కుండా ఏదో ఒక కేసులో ఇరుక్కుని ఆ మెట్లెక్కాల్సిందేనట. దెయ్యం పీక పిసికినా పర్వాలేదు గానీ, వాయిదాల చుట్టూ తిప్పితే ఎవరు పడతారు?

అలాంటి చోటికి ఒక సాయంత్రం భవనాల నక్షాలు గీసే ఉద్యోగి ఒకడు టేపూ టార్చీ పట్టుకుని బయల్దేరాడు. గుమ్మటం గట్టిగానే ఉందని తేల్చే కొలతలూ నక్షా మర్నాడు పదింటికల్లా తీసుకెళ్లి అధికారి ముందు పెట్టకపోతే భవనం పడగొట్టేస్తారు. పగలంతా కోర్టు నడుస్తుంది కాబట్టి కొలవడానికి సాయంత్రమే దిక్కు. తలనొప్పనీ, వానొస్తుందనీ వారం రోజులు నెట్టుకొచ్చాడు. నిజానికి మనవాడికి పిల్లి కనిపించినా గుండె జారుతుంది.

చివరికి భార్యే గుమ్మందాకా సాగనంపింది.

"కూలుస్తారని విన్నప్పట్నుంచి మా నాన్న సరిగ్గా అన్నం తినడం లేదు. నలభై ఐదేళ్లు బంట్రోతుగా నిలబడ్డ చోటది. కొలతల్లేకుండా ఇంటికి మాత్రం రాకండి."

దెయ్యమా, భార్యా అని ఆలోచించి, దెయ్యమే నయమనుకున్నాడు.

పైకెక్కి, గుమ్మటం కింద గుండ్రటి వరండాలో నిలబడ్డాడు. టేపు ఒక కొస మేకుకు తగిలించి, రెండోది పట్టుకుని నడిచాడు. మేకు ఊడిపోయింది. మళ్లీ కొట్టాడు. మళ్లీ ఊడింది. ఇది ఇద్దరు మనుషుల పని అని అప్పటికి అర్థమైంది.

అంతలో కిందినుంచి...

"పెద్దమేస్త్రీ... హాజరా...?"

మనవాడి పైప్రాణాలు పైనే పోయాయి. స్తంభాన్ని కావలించుకున్నాడు.

చాలాసేపు గడిచింది. మళ్లీ, "పెద్దమేస్త్రీ... హాజరా...?" ఆ వెనకే ఒక దగ్గు.

ఆ దగ్గు తనకు తెలుసు. రోజూ భోజనాల దగ్గర వినేదే!

"మావయ్యగారూ! మీరా? చంపేశారు కదండీ! పైకొచ్చి ఈ టేపు కొస పట్టుకోండి!"

పిలిచేవాడు మాత్రం ఆగలేదు. మూడో పిలుపు కూడా పూర్తయింది. తర్వాత మెట్ల మీద అడుగులు... ఒకటి గట్టిగా, ఒకటి ఈడుస్తూ. పాపం, మోకాళ్ల నొప్పులు అనుకున్నాడు. టార్చి పళ్లమధ్య కరిచి, పుస్తకం తెరిచి, అంకెల మీదే చూపు పెట్టాడు.

టేపు బిగిసింది. ఒక కొలత... రెండు... మూడు... చెప్పకముందే అవతలి కొస పక్క స్తంభం దగ్గరికి జరుగుతోంది! అరగంటలో పని పూర్తయింది. మావయ్యకు ఇంత పనితనం ఎక్కడ అబ్బిందా అని టార్చి తీసేసరికి టేపు కిందపడి ఉంది, మనిషి లేడు.

కిందికి దిగితే మావయ్య వసారా అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"ఏమనుకోకండి అల్లుడుగారూ, మీరు కేకేసినా రాలేకపోయాను. ఆ మెట్లెక్కి పదేళ్లయింది."

అల్లుడు గిరుక్కున వెనక్కి తిరిగి మెట్లకేసి చూశాడు.

ముసలాయన తలొంచుకుని చెప్పాడు. "పిలిచే దెయ్యాన్ని నేనే. శిలాఫలకం మీద అప్పటి అధికారి పేరే వేశారు, కట్టిన తన పేరు కూడా చెక్కించాలని పెద్దమేస్త్రి కేసు వేశాడు. నేను ఉద్యోగంలో చేరిన కొత్త. భోజనం వేళయిందని మూడు పిలుపులూ ఒక్క ఊపిరిలో పిలిచేశాను. ఆయన ఇంకా పై హాలు మెట్ల మీదే ఉన్నాడు. హాజరు కాలేదని కేసు కొట్టేశారు. ఆ నెల్లోనే పోయాడు... అప్పట్నుంచీ వచ్చి పిలుస్తున్నా. ఆయన మెట్లెక్కేంత టైమిచ్చి, నిదానంగా."

"మరి... పైన నా టేపు పట్టుకున్నదెవరు?"

ముసలాయన తలెత్తి గుమ్మటం వైపు చూశాడు. తర్వాత గుసగుసగా అడిగాడు.

"కాలు... ఈడ్చాడా?"

"ఈడ్చాడు."

"అయితే హాజరయ్యాడు," అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ. ఆ రాత్రి కడుపునిండా తిన్నాడు.

అల్లుడు మాత్రం తలుపు గడియ పెట్టుకుని, తెల్లవార్లూ నక్షా గీశాడు. 'కొలిచినవారు' అన్నచోట తన సంతకం పెట్టి, పక్కన పెద్దమేస్త్రి పేరు కూడా రాశాడు. రాయకుండా ఉండే ధైర్యం తనకెక్కడిది?

మర్నాడు పదింటికి అధికారి ఆ నక్షా పరిచి, లెక్కలన్నీ చూసి తలూపాడు.

"గుమ్మటం దుక్కలా ఉందయ్యా. కూల్చాల్సిన పనిలేదు." తర్వాత కింద వేలు పెట్టి అడిగాడు. "ఈ పెద్దమేస్త్రికి సంతకం రాదా?"

"ఏం సార్?"

"వేలిముద్ర వేశాడుగా!"

అల్లుడు వంగి చూశాడు. పేరు పక్కన తెల్లగా సున్నపు బొటనవేలి ముద్ర... ఇంకా తడి ఆరలేదు.