సాయికి చెప్పవలసిన మాట

"పిల్లల తల్లి బతికే ఉందట భవానీ! నిన్న ఊళ్ళోకి వచ్చిందట!"

చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడి ఆంజనేయప్రసాద్ అన్న ఆ మాటకి, వీరబాబు నోటికి అందిస్తున్న పప్పన్నం ముద్ద భవానీదేవి చేతిలో అలాగే ఉండిపోయింది. "అమ్మా, ఆ..." అంటూ నోరు తెరుచుకుని వాడు ఎదురుచూస్తున్నాడు. ఆమెకి వాడి మొహం కనబడలేదు. కళ్ళ నిండా నీళ్ళు!

పెళ్ళయి పద్దెనిమిదేళ్ళయినా భవానీదేవి కడుపు పండలేదు. రాజోలు దగ్గర కొబ్బరితోటల మధ్య అంత ఇంట్లో భర్త, అత్తగారు సూరమ్మ, తను... ముగ్గురే. మూడేళ్ళ క్రితం పిల్లల సంక్షేమం చూసే ఆఫీసు మేడంగారు వచ్చి ఇద్దరు పిల్లల సంగతి చెప్పేరు. అంతర్వేది దగ్గర జాలర్ల పిల్లలు. పడవ బోల్తాపడి తండ్రి పోయాడు. చంటివాడిని అమ్మమ్మ చేతుల్లో పెట్టి తల్లి సత్యవేణి ఇంటిపనికి గల్ఫ్ వెళ్ళింది. మొదట్లో ఫోన్లు చేసేది, తరవాత అజా పజా లేదు. చివరికి ఆ అమ్మమ్మా కన్నుమూసింది. "ఇది దత్తత కాదండీ, ఫోస్టర్ కేర్ అంటారు. సొంతవాళ్ళెవరైనా వస్తే పిల్లల్ని అప్పగించాలి. అంతవరకూ మీరే అమ్మానాన్నలు" అన్నారు మేడంగారు. అప్పగించాలి అన్న మాట భవానీదేవి ఆ రోజు విన్నది. విని, మరిచిపోయింది... మరిచిపోకపోతే పిల్లల్ని పెంచడం ఎవరి తరం!

"ఎవరి బిడ్డలో ఏమో! సముద్రం ఒడ్డు పిల్లలు మనింట్లో ఎలా ఇముడుతారే?" అని సూరమ్మ ఆ రోజంతా మూతి ముడుచుకునే కూర్చుంది. ఎనిమిదేళ్ళ సాయి, రెండేళ్ళ తమ్ముడు వీరబాబుని ఒళ్ళోంచి దింపకుండా గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. ఎవరైనా ముట్టుకోబోతే ఉలిక్కిపడి లేచేది. ఒకసారి వాడికి ఒళ్ళు కాలిపోయే జ్వరం వచ్చింది. అప్పుడు తడిగుడ్డ పట్టుకుని వాడి మంచం వదలకుండా కూర్చున్నది ఆ సూరమ్మే! ఇప్పుడు నానమ్మ కొంగు పిడికిట్లో లేకపోతే వాడికి నిద్రే పట్టదు. సాయి అమ్మా అని పిలవడానికి ఏడాది పట్టింది. ఆ పిలుపు విన్న రోజు భవానీదేవి పెరట్లోకి వెళ్ళి తనివితీరా ఏడ్చింది.

ఇప్పుడు అసలు తల్లి వచ్చింది!

"ఆవిడ మా అమ్మ కాదు!" తలుపు వెనక నుంచి విన్న సాయి బిగ్గరగా అరిచింది. "మమ్మల్ని వదిలేసి అక్కడ ఇంకో పెళ్ళి చేసుకుందంట. మా ఊళ్ళో అందరూ చెప్పేరు. నేను వెళ్ళను! తమ్ముణ్ణి కూడా పంపను!"

సోమవారం అమలాపురంలో పిల్లల సంక్షేమ కమిటీ ముందుకి పిల్లల్ని తీసుకురమ్మని కబురు వచ్చింది. సాయి పెద్దపిల్ల కాబట్టి తన ఇష్టం కూడా అడుగుతారట. అది వినగానే సూరమ్మ కళ్ళలోకి ప్రాణం వచ్చింది.

"ఇంకేం మరి! పిల్లే రానంటోంది కదా. నువ్వు మాత్రం నోరు మెదపకు భవానీ!"

శనివారం మధ్యాహ్నం సత్యవేణి వచ్చింది. సాయి స్కూల్లో ఉంది, వీరబాబు లోపల నిద్రపోతున్నాడు. ముప్పై ఏళ్ళు కూడా లేని మనిషి, యాభై ఏళ్ళదానిలా ఉంది. ఎంత పిలిచినా మెట్టెక్కలేదు. భవానీదేవి ఇచ్చిన కాఫీ గ్లాసుని రెండు అరచేతుల మధ్య ఒత్తి పట్టుకుంది. కుడిచేతి వేళ్ళు కాలి, ముడుచుకుపోయి ఉన్నాయి.

"అయ్యో, ఏమిటమ్మా ఇది?"

"ఇస్త్రీపెట్టండీ. ఇంటికి పంపేయండని అడిగినందుకు ఆ ఇంటావిడ పెట్టిందండీ. ఫోను లాక్కున్నారు, పాస్‌పోర్టు లాక్కున్నారు. గదిలో పెట్టి తాళం వేసీవోరండీ. పారిపోయి మన ఎంబసీవోళ్ళ షెల్టర్లో పడ్డాను. మా అమ్మ పోయిందన్న సంగతి రావులపాలెంలో బస్సు దిగాకే తెలిసిందండీ..." గ్లాసు మెట్టు మీద పెట్టింది. "పిల్లల్ని బంగారంలా చూసుకున్నారంట. మీ కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకున్నా రుణం తీరదండీ. ఒక్క మాట అమ్మగారూ... నేను పెళ్ళీగిళ్ళీ ఏం చేసుకోలేదని సాయికి చెప్పండి. నేను చెపితే నమ్మదు. మీరు చెపితే నమ్ముద్దండీ."

భవానీదేవి ఆ మాటకి సరేనని అనలేదు. కాదనీ అనలేకపోయింది.

సాయంత్రం సాయి స్కూలు నుంచి వచ్చింది. చెప్పాలి... అనుకుంది. అట్టు పోసి పెట్టింది, పాలు ఇచ్చింది, యూనిఫాం ఉతికి ఆరేసింది. మాట మాత్రం గొంతు దాటలేదు. ఆదివారమూ అలాగే గడిచింది. "ఏం చేద్దామండీ?" అని భర్తని అడిగితే, "నన్నడక్కు భవానీ! నాకు వాళ్ళు కావాలి... నన్నేమీ అడక్కు!" అని ఆయన తోటలోకి వెళ్ళిపోయాడు. 'నేనేమీ అబద్ధం చెప్పడం లేదుగా, ఊరుకుంటున్నాను, అంతే' అని తనకి తాను ఎన్నిసార్లు చెప్పుకుందో! ఆ ఊరుకోవడమే గుండెల మీద బండరాయిలా కూర్చుంది.

సోమవారం భార్యాభర్తలు పిల్లల్ని తీసుకుని వెళ్ళేసరికి, అమలాపురం ఆఫీసు వరండాలో సత్యవేణి అప్పటికే వచ్చి కూర్చుని ఉంది. పిల్లల్ని చూడగానే లేచి, దగ్గరికి రావడానికి భయపడి అక్కడే ఆగిపోయింది. సాయి మొహం తిప్పేసుకుంది. వీరబాబు భవానీదేవి చీర కుచ్చిళ్ళ వెనక దాక్కున్నాడు. సత్యవేణి సంచిలోంచి ఒక చొక్కా తీసింది. ఎర్రటి చొక్కా. ఏడాది పిల్లాడికి సరిపోయేది! వాడి వయసు ఇప్పుడు అయిదేళ్ళు. చొక్కా వైపూ, వాడి వైపూ మార్చి మార్చి చూసి, ఆ తల్లి తెల్లబోయింది.

"ఎంత పెరిగేడో తెలీలేదండీ... నా కళ్ళలో ఇంకా ఇంతే ఉన్నాడండీ..." అంటూ ఆ చొక్కాని మొహానికి అడ్డం పెట్టుకుని కూలబడిపోయింది.

భవానీదేవి ఇక ఆగలేకపోయింది. సాయి చెయ్యి పట్టుకుని వరండా చివరికి లాక్కెళ్ళింది.

"సాయీ, నా మాట విను. మీ అమ్మ ఎవర్నీ పెళ్ళి చేసుకోలేదు. మీ దగ్గరికి వస్తానన్నందుకే చెయ్యి కాల్చేరు. ఆ వేళ్ళు చూడు తల్లీ! మొన్ననే నాకు తెలిసింది. నువ్వు వెళ్ళిపోతావని చెప్పలేదు... చెప్పకుండా దాచేను!"

సాయి తన చెయ్యి లాక్కుంది.

"అయితే... నన్ను వదిలించుకుంటున్నావా?"

"లేదమ్మా... లేదు..." అంటూ భవానీదేవి ఆ పిల్ల తల నిమరబోయింది.

లోపల కమిటీవారు అడిగితే, "మా అమ్మతో వెళ్తాను" అంది సాయి. భవానీదేవి వైపు చూడలేదు. ఆటో ఎక్కేటప్పుడు వీరబాబు "అమ్మా! అమ్మా!" అని గుక్కపట్టి ఏడుస్తూ వీళ్ళ వైపే చేతులు చాచాడు. తమ్ముణ్ణి ఒళ్ళోకి లాక్కుని, సాయి తిన్నగా ముందుకే చూస్తూ కూర్చుంది. ఆటో మలుపు తిరిగింది. ఆంజనేయప్రసాద్ రోడ్డు మీదే తలపట్టుకున్నాడు. ఇంటి దగ్గర సూరమ్మ కోడలిని పల్లెత్తు మాట అనలేదు. దగ్గరికి తీసుకుని, "నీకున్న గుండె నాకు లేదే..." అంటూ ఏడ్చింది.

ఆ తరవాత ఇల్లు ఇల్లులా లేదు. సాయి ఫోన్ ఎత్తేది కాదు. "బడికి వెళ్తోందండీ, బాగానే ఉందండీ ఆయ్" అని సత్యవేణే చెప్పేది.

మరుసటి ఏడాది సంక్రాంతి వెళ్ళాక సత్యవేణి బతిమాలి రమ్మంటే, భవానీదేవి ఒక్కతే అంతర్వేది వెళ్ళింది. వీరబాబు ఇసుకలో ఆడుకుంటున్నాడు. ఆమెని చూసి లేచి, పరుగెత్తుకెళ్ళి సత్యవేణిని చుట్టేసుకున్నాడు. "అమ్మా, ఎవరో వచ్చేరు!"

"ఎవరో ఏంట్రా! పెద్దమ్మ... మన పెద్దమ్మ!" అంది సత్యవేణి కంగారుగా.

వాడు తల్లి చాటునుంచి తొంగిచూసి సిగ్గుగా నవ్వాడు. ఆ నవ్వుకి బదులుగా భవానీదేవి నవ్వింది. ఎలా నవ్వగలిగిందో ఆ భగవంతుడికే ఎరుక!

అన్నం వడ్డించింది సాయి. చేపల పులుసు పోసింది. విస్తట్లో అన్నం అవగానే అడగకుండానే మళ్ళీ వేసింది. సత్యవేణి నీళ్ళ కోసం బయటికి వెళ్ళాక, తలవంచుకుని మెల్లగా అంది:

"రోజూ నేనే అమ్మకి అన్నం కలిపి పెడతాను. తన చేత్తో తినలేదు. ఆ రోజు నువ్వు చెప్పకపోతే... నేనిక్కడికి వచ్చేదాన్నే కాదు."

"కోపం పోయిందా తల్లీ?"

"లేదు." సాయి కళ్ళలోంచి నీళ్ళు టపటపా విస్తరి పక్కన రాలాయి. "నీ మీద ఇంకా కోపంగానే ఉంది. ఆ రోజు వెళ్ళొద్దని ఒక్కసారైనా అనలేదు నువ్వు!"

భవానీదేవి ఎంగిలి చెయ్యి ఎత్తిపట్టి, రెండో చేత్తో ఆ పిల్లని గుండెలకి హత్తుకుంది.

"అని ఉంటే నువ్వు ఉండిపోయేదానివి తల్లీ... అందుకే అనలేదు. నీ కోపం పోకపోతే పోనీ. సెలవులకి వచ్చి, మన గుమ్మంలో నిలబడి, ఎంత కోప్పడాలంటే అంత కోప్పడు. నేను వింటాను."

సాయి విడిపించుకోలేదు. అన్నం చల్లారిపోతున్నా ఇద్దరూ అలాగే కూర్చుండిపోయారు.