ముప్పై సెకన్ల తేడా

"ఎమ్మెట్ రుడిసిల్. డెబ్భై నాలుగేళ్ళు. రిటైరైన రైలు డ్రైవర్. మిసైల్ డ్రాయింగుల ఫిల్ము అతని జేబు గడియారంలో దేశం దాటుతోందని అనుమానం. దగ్గరవ్వు," అన్నాడు చీఫ్.

1961 మార్చిలో ఏజెంట్ హేవర్‌స్టిక్ పాత గడియారాలు కొనే ఆసామి వేషంలో రైల్వే ఊరు అల్టూనాలో దిగాడు. ఉంగరంలో భూతద్దం, జేబులో కెమెరా పెన్ను.

మూడు నెలలు ప్రతి ఆదివారం ముసలాయన ఇంట్లోనే భోజనం. రైల్వే గడియారం సంగతులన్నీ ఆయనే నేర్పాడు. మామూలు గడియారంలా కీ ఇచ్చే బొడిపె లాగితే రాదు. ముందు అద్దం మర తిప్పి తీయాలి, అంచున దాగిన మీటను గోటితో లాగాలి, అప్పుడే ముళ్ళు కదులుతాయి. జేబులో పొరపాటున టైము మారితే రెండు రైళ్ళు గుద్దుకుంటాయి మరి. హేవర్‌స్టిక్ తల ఊపేవాడు, ఆయన కోసిచ్చిన ఆపిల్ పై ముక్క తినేవాడు, రూముకెళ్ళి ఆయన మీదే రిపోర్టు రాసేవాడు.

జూన్‌లో స్టేషన్ హాల్లో గడియారాల సంత జరిగింది. ఆకుపచ్చ సిల్కు స్కార్ఫుతో లెనోరా వాస్ పక్కకొచ్చి నిలబడింది. శత్రు ముఠాలో ఉంటూ హేవర్‌స్టిక్ వాళ్ళకు పనిచేసే డబుల్ ఏజెంట్.

"మీ గడియారం ఎన్ని రాళ్ళది?" అంది.

"ఇరవై ఒకటి. ఒకటి పగిలింది."

కోడ్ సరిపోయింది. ఫిల్ము ముసలాయన గడియారం వెనక మూతలో ఉందని, తాను కళ్ళారా చూశానని చెప్పింది. "మా నాన్న డ్రైవరే. ఈ గడియారాల మధ్యే పెరిగాను," అంది.

సంతకొచ్చిన ఎమ్మెట్ గడియారం తీసుకుని మూత విప్పితే ఫిల్ము ఉంది. ముసలాయన చేతులకు బేడీలు పడ్డాయి.

"పొద్దున ఆ పిల్ల చూస్తానంటే ఇచ్చానయ్యా," అన్నాడు ఎమ్మెట్. అంతే. హేవర్‌స్టిక్ ఆయన ముఖం వైపు చూడలేదు.

స్టేషన్లో పన్నెండు గంటల కూత వినిపించింది. అలవాటుగా హాల్లో అందరి చేతులూ జేబుల్లోకి వెళ్ళాయి. ఎమ్మెట్ చేతులు కూడా, బేడీల గొలుసు గలగలలాడుతూ. ఆ జేబు ఖాళీ. గడియారం హేవర్‌స్టిక్ చేతిలో ఉంది.

అతను చూపు తిప్పుకున్నాడు. తలుపు దగ్గర లెనోరా కూడా గడియారం తీసింది. రెండు నిమిషాలు వెనకుందేమో, బొడిపె లాగింది. రాలేదు. మళ్ళీ లాగింది.

డ్రైవర్ కూతురు ఆ పని చెయ్యదు.

ఆమె చెప్పిందంతా కట్టుకథ. ఆమె వెళ్ళి ఎక్కగానే 12:04 బండి కదిలింది. మూసుకునే తలుపులో చెయ్యి దూర్చి హేవర్‌స్టిక్ రైలు పెట్టెలోకి దూకాడు. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్తోలు బయటికొచ్చేలోగా ఆమె మణికట్టు పట్టేశాడు. ఆమె గడియారంలో అసలు ఫిల్ము దొరికింది. ఎమ్మెట్ గడియారంలోది ఉత్త ఖాళీ ముక్క.

తిరిగొచ్చి బేడీలు తనే విప్పాడు. ముసలాయన మణికట్ల మీద ఎర్రటి గీతలు.

"మీకు అబద్ధం చెప్పాను. నేను గడియారాలు కొనేవాణ్ణి కాదు."

"తెలుసు. మొదటి రోజే నువ్వు నా గడియారం బొడిపె పట్టి లాగావు."

"మరి ఇంట్లోకి ఎందుకు రానిచ్చారు?"

"ఒంటరివాడివి, నలుగురితో మాట్లాడ్డానికి ఆ సాకు పెట్టుకున్నావనుకున్నాను."

ఎమ్మెట్ తన గడియారం తీసుకుని చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ఆదివారం పన్నెండింటికి భోజనం. రైల్వేలో గడియారానికి వారానికి ముప్పై సెకన్ల తేడా దాకా క్షమిస్తారు. నీ వాటా ఇవాళే అయిపోయింది. టైముకి రా."