గ్వాలాకా చీలికలో కూత

గ్వాలాకా ఊరి దగ్గర ఏటి అడుగు రాయి నిలువునా చీలి ఉంటుంది. పగలైతే డేవిడ్ పట్నం జనం పిల్లాపాపలతో వచ్చి, ఈ గట్టు మీంచి ఆ గట్టుకి దూకుతూ పచ్చటి నీళ్లలో ఈతలు కొడతారు. పొద్దు వాలిందా... కుక్క కూడా అటు పోదు. చీకట్లో అక్కడ ఎవరి కూత వినబడ్డా బదులియ్యకూడదంటారు. బదులిచ్చిన గొంతు ఇక మనది కాదట.

ఆ సీమ మగాళ్లకేమో కూతే పరువు. కొండ దిగుతూ ఒకడు గొంతెత్తి కూస్తే విన్నవాడు తిరిగి కూయాలి. కూయనివాడు పిరికివాడి కింద జమ. ఎవడి కూత వాడిదే, మొహం చూసి పోల్చినట్టు పోల్చేస్తారు.

బోకెటే కాఫీ తోటల నుంచి పొద్దుండగానే రావలసిన ఎలాడియో ఆ రోజు రాలేదు. బారూ కొండ మీంచి పొడిజల్లు దిగింది. అతని పెళ్లాం బెనిల్డా లాంతరు పట్టుకుని, మరిది ఫెర్మిన్‌ని వెంటబెట్టుకుని వెతకబోయింది.

చీలిక దగ్గరికి వచ్చారో లేదో — కూత! అడుగునుంచి. సన్నగా లేచి చివర విరిగే కూత. ఎలాడియోదే.

నాలిక మీదికొచ్చిన బదులు బెనిల్డా మింగేసింది.

"అన్నే వదినా," గొణిగాడు ఫెర్మిన్. "కూయనీ నన్ను."

"నోరు తెరిచావో, చంపుతాను."

"రేపు ఊరంతా నన్ను కోడిపెట్ట అంటారు."

"అననీ. పెట్టలన్నా బతికుంటాయి. పందేల్లో చచ్చేది పుంజులే."

నిజంగా ఆయనే అయితే? దెబ్బ తగిలి పడి ఉంటే? బెనిల్డా లాంతరు మరిది చేతికిచ్చి, పాకురు రాళ్లు పట్టుకుని, పెదవి పళ్ల కింద నొక్కి దిగింది. నీళ్లు ఆమె పాదాల మీదికి పాకి వచ్చాయి... వాసన చూస్తున్నట్టు.

చేతికి చెయ్యి తగిలింది. వెచ్చగా ఉంది!

పైనుంచి పడే లాంతరు వెలుగులో, రాతి సందులో కాలిరుక్కుని ఎలాడియో. ఆమెని చూసి నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. గొంతు చూపించి, నీళ్లవైపు చూపించి, పసిపిల్లాడిలా ఏడ్చాడు.

అతని నోరు ఆమె కళ్లెదుటే మూసి ఉంది. కూత మాత్రం మళ్లీ లేచింది — ఈసారి పైకి, ఎకసెక్కంగా, మగాడివైతే కూయి చూద్దాం అన్నట్టు.

"వద్దు ఫెర్మిన్!" అని అరవబోయి నోరు రెండు చేతులా మూసుకుంది. అరిస్తే బదులిచ్చినట్టే, తన గొంతూ పోతుంది.

పైన ఫెర్మిన్ రొమ్ము విరుచుకుని కూశాడు.

కూత సగంలో తెగింది.

బెనిల్డా తలెత్తింది. లాంతరు వెలుగులో మరిది నోరు తెరిచే ఉంది. ఖాళీ చేత్తో గొంతు తడుముకుంటున్నాడు. చప్పుడు లేదు.

ఆమె పాదాల దగ్గర నీళ్లు నవ్వాయి, ఫెర్మిన్ గొంతుతో.

"వదినా... ఇక నీ వంతు."