తుపాకి మీద చివరి బొమ్మ

పుంగనూరు నుంచి రామసముద్రం పోయే దారిలో, రోడ్డుకు ఎడంగా, గుట్టవారన ఒక పాత వేట బంగళా ఉంది. చీకటి పడ్డాక ఆ పక్కకు ఒంటరిగా పోయే మొనగాడు చుట్టుపక్కల పల్లెల్లో లేడు. పోయొచ్చామని మీసం తిప్పేవాళ్లంతా మిట్టమధ్యాహ్నం పోయొచ్చినవాళ్లే.

అమావాస్య నాడు బంగళా వెనక వంకలో పలక డప్పు మోగుతుందంటారు. ముందు చిన్న మంట ఒకటి లేస్తుంది... ఆరిపోతుంది... ఆ తర్వాత మొదలవుతుంది చప్పుడు. కొట్టేది కదిరప్ప దెయ్యమని అందరి నమ్మకం.

కదిరప్ప కూలి మనిషి. యాభై ఏళ్ల పైమాటే ఇది. బంగళా యజమాని, కలప కాంట్రాక్టరు ముద్దుకృష్ణప్ప వేటకు వచ్చినప్పుడల్లా, పొదల్లోని జంతువులు బెదిరి బయటికొచ్చేలా పలక కొట్టడం అతని పని. ఒకనాడు చిరుత మీదపడి చంపేసిందంటారు. ముద్దుకృష్ణప్ప ఆ చిరుతను అక్కడికక్కడే కాల్చాడట. కదిరప్ప పెళ్లానికి రెండెకరాలు రాసిచ్చాడు. కొడుకు చెంగల్రాయుడికి బడిలో ప్యూను ఉద్యోగం వేయించాడు. ఇంత మేలు చేసిన మనిషి ఫోటో ఆ ఇంట్లో దేవుడి పటాల పక్కనే ఉండేది. కదిరప్ప పెళ్లాం బతికినన్నాళ్లూ దానికి పూలు పెట్టింది, చిరుతను తిట్టుకుంటూనే పోయింది.

ఆ చెంగల్రాయుడి కొడుకే ధనుంజయ.

ధనుంజయకు మదనపల్లెలో కాలేజీ ల్యాబులో ఉద్యోగం. దానికి తోడు ఒక పిచ్చి. పాత తుపాకుల మీది నగిషీని ఫోటోలు తియ్యడం. తుపాకి పేల్చడమంటే అతనికి వణుకు. కానీ ఉక్కు రేకు మీద వెంట్రుకంత గీతలతో ఆకులూ తీగలూ పిట్టలూ చెక్కిన చెయ్యి ఎవరిదో అని గంటలు గంటలు చూస్తూ కూర్చోగలడు. బైరెడ్డిపల్లె నుంచి కుప్పం దాకా ఎవరింట్లో తాతలనాటి తుపాకి ఉన్నా కెమెరా తీసుకుని వాలిపోయేవాడు. జనం నవ్వేవాళ్లు. నవ్వితే నవ్వారు, కాఫీ కూడా ఇచ్చేవాళ్లు.

ఒక్క ఆ బంగళాలోని ముద్దుకృష్ణప్ప తుపాకినే చూడలేదు. తండ్రి చెంగల్రాయుడు చిన్నప్పుడే ఒట్టు వేయించుకున్నాడు.

"ఆ పక్కకు మాత్రం పోవద్దప్పా. మీ తాత ప్రాణం పోయిన చోటది."

అలాంటిది, ఎన్నికలు వచ్చాయి. లైసెన్సు తుపాకులన్నీ పోలీసు స్టేషన్లో అప్పజెప్పమని కబురొచ్చింది. ముద్దుకృష్ణప్ప మనవడు సురేంద్ర ఫోన్ చేశాడు.

"రేపు పొద్దున్నే ఇచ్చేస్తాండాను ధనుంజయా. మళ్లీ ఎప్పుడిస్తారో. సూడాలంటే ఈ రాత్రికే బంగళాకు రా."

ఆ రాత్రి అమావాస్య. కుప్పంలో ఫ్రెండు పెళ్లి ఉందని ఇంట్లో అబద్ధమాడి బండెక్కాడు ధనుంజయ.

సురేంద్ర తలుపు తీసి, తుపాకిని బల్లమీద దుప్పటి పరిచి పెట్టాడు. రెండు గొట్టాల ఇంగ్లాండు తుపాకి. ధనుంజయ దీపం ఆర్పించి, చిన్న టార్చిని పక్కవాటంగా పట్టుకున్నాడు. చెక్కడం కనబడాలంటే చీకట్లో ఏటవాలు వెలుగే కావాలి.

పక్కరేకు మీద గడ్డిలోంచి కౌజు పిట్టలు లేస్తున్నాయి. ఒక్కొక్క రెక్కలో ఒక్కొక్క ఈక. కింద కుక్క ఒక కాలు ఎత్తి, ఊపిరి బిగబట్టి చూస్తోంది. ధనుంజయకు కళ్లు చెమర్చాయి. ఇంత అందం తన తాత పలక పక్కనే తిరిగిందా అనుకున్నాడు.

"కింద గూడా బొమ్మలు ఉండాయి సూడు," అన్నాడు సురేంద్ర. "వేటలో ఏది పడితే దాన్ని కంసాలిని పిలిపించి చెక్కించేవాడంట మా తాత."

తిప్పి చూశాడు. గొట్టాల నడుమ ఉక్కు బద్ద మీద వరసగా నాటు చెయ్యి పనితనం. పంది. కుందేలు. దుప్పి. మళ్లీ పంది. చివరి బొమ్మ మాత్రం కనబడలేదు. ఏళ్లతరబడి ఆయుధపూజకు పెట్టిన విభూతి, కుంకుమ, గంధం గట్టిపడి దాన్ని కప్పేశాయి.

చిరుత ఇదే అయ్యుంటుంది... తాతను చంపిన చిరుత.

ధనుంజయ బ్రష్షుకు నూనె రాసి, మెల్లగా రుద్దాడు. పొక్కు లేచింది. గీతల్లో కుంకుమ మిగిలి, బొమ్మ ఎర్రగా తేలింది. కెమెరా తెర మీద పెద్దది చేసి చూశాడు.

నాలుగు కాళ్లు లేవు.

మనిషి. వెల్లకిలా పడి ఉన్నాడు. మెడలో పలక.

ధనుంజయ వరసంతా మళ్లీ మొదటినుంచీ వెతికాడు. ఎక్కడా చిరుత లేదు. మనిషి బొమ్మ తర్వాత ఇంకే బొమ్మా లేదు. అది యజమాని చెప్పి చెక్కించాడో, నిజం తెలిసి ఊరుకోలేక కంసాలే చెక్కి పెట్టాడో — చెప్పేవాళ్లు ఇప్పుడు లేరు.

"ఏమప్పా, అట్లయిపోతివి?" అన్నాడు సురేంద్ర. తనూ వంగి బొమ్మ చూశాడు. "దేవుని తోడు... నాకు తెలీదు."

దేవుడి పటాల పక్కనున్న ఆ ఫోటో ధనుంజయ కళ్ల ముందు తిరిగింది. అవ్వ పెట్టిన పూలన్నీ గుర్తొచ్చాయి. చంపినవాడికి పూజ చేశాం ఇన్నేళ్లూ.

సరిగ్గా అప్పుడు... కిటికీ అవతల, వెనక వంకలో చిన్న మంట లేచింది.

సురేంద్ర గొళ్లెం వెయ్యబోయాడు. మంట ఆరింది.

డం... డం... డం...

"బయటికి పోవద్దు," అని గుసగుసగా అన్నాడు సురేంద్ర, చెయ్యి పట్టుకుని. ధనుంజయకూ భయమే. కానీ ఆ వంకలో ఉన్నది తన తాత. ఏమి జరిగిందో చెప్పగలిగినవాడు ఆయనొక్కడే. మనవణ్ణి ఏం చేస్తాడు?

చెయ్యి విదిలించుకుని టార్చి ఆర్పి దిగాడు. ముళ్లు గీరుకుంటున్నాయి. చప్పుడు దగ్గరవుతోంది... ఇంకా దగ్గర... బండ మీద తెల్లటి తలగుడ్డ. ముందు వరిగడ్డి కాలిన బూడిద. చర్మం బిగిసి బాగా మోగాలని పలకను మంట మీద కాచుకుంటారు. దెయ్యానికి అలాంటి అవసరమేముంది?

ధనుంజయ టార్చి వేశాడు.

చప్పుడు ఆగింది. వెలుగుకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తున్నాడు — చెంగల్రాయుడు.

"నాయనా..."

"నువ్వు... కుప్పం పోతానంటివే."

ధనుంజయ కెమెరా తెరను తండ్రి ముఖం ముందు పెట్టాడు. ముసలాయన చూశాడు. ఇది ఏమిటని అడగలేదు. అదే ధనుంజయ గుండెను కోసింది.

"నీకు తెలుసు."

"నేను పక్కనే ఉండా," అన్నాడు చెంగల్రాయుడు. "అమాస నాడు, పొద్దుగూకే యాళ. పొద కదిలితే పందనుకుని కాల్చేసినాడు. స్టేషన్లో చిరుత అని చెప్పింది నేనే."

"రెండెకరాలకా నాయనా?"

తండ్రి పలకను ఒళ్లోకి తీసుకున్నాడు.

"అవ్వతో గూడా చిరుత అనే చెప్పితివి. ఆ ఫోటోకు పూలు పెడతాంటే సూస్తా ఉండిపోతివి."

"ఊ."

ధనుంజయకు ఆ మనిషి ఎవరో కొత్తవాడిలా కనబడ్డాడు. తను చదివిన చదువు, తిన్న తిండి, అన్నీ ఆ అబద్ధం మీద పండినవే. ఏడుపొచ్చింది, ఏడవడానికి కూడా అసహ్యమేసింది.

"ఇప్పుడొచ్చి పలక కొడితే ఏమొస్తాది? తాతకు పుణ్యమా?"

"పుణ్యం కాదు." ముసలాయన గొంతు వినీవినబడకుండా ఉంది. "ఆయప్ప వెంటనే పోలేదు ధనూ. నన్ను పేరు పెట్టి పిలస్తా ఉండె. మదనపల్లె ఆస్పత్రికి ఎత్తుకోని పోతే బతికుండేవాడు. బతికితే చెప్పేస్తాడని ముద్దుకృష్ణప్ప భయం. అరుపులు కింద పల్లెకు ఇనబడకూడదన్యాడు..."

పలక మీద చెయ్యి పెట్టాడు.

"తెల్లారేదాకా దీన్ని కొట్టింది నేనే."